తుక్కు కొనేవాళ్లను కొనేవాళ్లు

ఒడిశా గంజాం జిల్లాలోని చికిటి సందుల్లోకి పాత సామాన్లు కొనే మనిషి సైకిలు మీద వస్తాడు. ఖాళీ సీసాలు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, చార్జి నిలవని ఇన్వర్టర్ బ్యాటరీ, పిల్లలు చదివేసిన పుస్తకాలు తూచి, బేరమాడి, అక్కడికక్కడే డబ్బిచ్చి కట్టుకుపోతాడు. తెలుగిళ్లలో దాన్ని తుక్కు అంటారు, ఒడియా ఇళ్లలో కబాడీ అంటారు. రేటు ఇద్దరికీ ఒకటే. ఆ సరుకు ఊళ్లోని చిన్న దుకాణం చేరి, అక్కడి నుంచి బరంపురం గోదాములకు వెళ్లి రకాలవారీగా విడిపోతుంది. ఇనుము ఒక దారి పడుతుంది, సీసం ఇంకో దారి, నీళ్ల సీసాలు మరో దారి. ఒక దారి చివర కొలిమి ఉంటుంది, మరో దారి చివర కడిగి ముక్కలు చేసే యంత్రం ఉంటుంది. ఈ మధ్య ఆ కొలిమికీ యంత్రానికీ షేరు ధర కూడా పుట్టింది.

చిక్కు అక్కడే మొదలైంది. ఒక చిన్న రీసైక్లింగ్ కంపెనీ జనం దగ్గర డబ్బు సేకరిస్తుంది. ఆ డబ్బుతో తనకంటే చిన్నవాటిని కొని పెద్దదాన్నవుతానంటుంది. అందులో మదుపు పెట్టవచ్చా? సూరత్ మగ్గాల దగ్గర గంజాం కుర్రాళ్లు సంపాదించి ఇంటికి పంపే డబ్బు ఒకప్పుడు బంగారంలోకీ, సెంటు భూమిలోకీ, చిట్టీల్లోకీ పోయేది. 2013లో అర్థ తత్త్వ, సీషోర్ వంటి డిపాజిట్ సంస్థలు కూలినప్పుడు ఒడిశాలో మధ్యతరగతి ఇళ్లు ఎన్ని గుల్లయ్యాయో అందరూ చూశారు. సరిహద్దుకు ఇవతల, ఆంధ్రప్రదేశ్‌లో, అగ్రిగోల్డ్ కథా అదే. ఇప్పుడు డీమ్యాట్ ఖాతా చేతిలోని ఫోనులోనే ఉంది. దేశంలో అలాంటి ఖాతాలు 2025 నాటికి 19 కోట్లు దాటాయి. చెత్త, పర్యావరణం, ప్రభుత్వ నియమాలు, వేగంగా పెరుగుదల అనే నాలుగు మాటలు ఒకే చోట వినపడితే మదుపరి చెవి నిక్కపొడుచుకోవడం సహజం. ఆ నాలుగు మాటల వెనక ఎవరేమంటున్నారో, ఏది తేలిందో, ఏది తేలలేదో వరసగా చూడాల్సిన సమయం వచ్చింది.

చెత్త ఆస్తి అయిన కథ

1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం నుంచి ఈ చరిత్ర మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ కేసు ఫలితంగా 2000లో పట్టణ ఘన వ్యర్థాల నియమాలు వచ్చాయి, 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. అప్పటిదాకా ఊరి చివర గోతిలో పారబోసి చేతులు దులుపుకున్న మునిసిపాలిటీలకు బాధ్యత మెడకు చుట్టుకుంది. పెద్ద నగరాలు ఆ బాధ్యతను గుత్తేదార్లకు అప్పగించాయి. హైదరాబాద్ 2009లో రామ్కీతో చేసుకున్న పాతికేళ్ల ఒప్పందం తెలుగు నేలలో ఇందుకు పెద్ద ఉదాహరణ. జవహర్‌నగర్ చెత్తగుట్ట పేరు నగరమంతటికీ తెలిసింది ఆ తర్వాతే. 2018 ఆగస్టులో అమెరికా పెట్టుబడి సంస్థ కేకేఆర్ రామ్కీ ఎన్విరో ఇంజనీర్స్‌లో 60 శాతం వాటాను సుమారు 53 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీయే ఇప్పటి రీ సస్టెయినబిలిటీ. చెత్తకు ఇంత ధర పలుకుతుందా అని మార్కెట్ మొదటిసారి తల తిప్పి చూసింది.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. చర్చలో సగం గందరగోళం ఇది పట్టుకోకపోవడం వల్లనే. చెత్త ఎత్తే కంపెనీ వేరు, తుక్కు కరిగించే కంపెనీ వేరు. మొదటిదానికి చెత్త తీసుకున్నందుకు మునిసిపాలిటీ టన్నుకింత అని చెల్లిస్తుంది. రెండోది తుక్కు తీసుకోవడానికి తానే డబ్బు చెల్లించాలి, అదీ చేతిలో నగదు పెట్టాలి. మొదటిదాని కష్టం బకాయిలు వసూలు కాకపోవడం, టెండరు చేజారడం. రెండోదాని కష్టం సరుకు దొరకకపోవడం, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య సందు మూసుకుపోవడం. విదేశాల్లో చెత్త కంపెనీలు షేర్‌హోల్డర్లకు బంగారం పండించాయని చెప్పేవాళ్లు చూపించేవన్నీ దాదాపు మొదటి రకానివి. మన చిన్న కంపెనీల ఎక్స్ఛేంజిల్లో దిగుతున్నవాటిలో ఎక్కువ రెండో రకానివి. గొర్రెల మందను చూపించి గేదెను అమ్మినట్టుంటుంది ఈ పోలిక.

రెండో రకానికి ఊపు వచ్చింది 2022లో. ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్లాస్టిక్ ప్యాకింగుకు, జులైలో టైర్లకు, ఆగస్టులో బ్యాటరీలకు, నవంబరులో ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు ఉత్పత్తిదారు బాధ్యత నియమాలు వచ్చాయి. వస్తువు తయారుచేసి అమ్మినవాడే దాని చావు ఖర్చు కూడా భరించాలన్నది వాటి సారం. తయారీదారు స్వయంగా రీసైకిల్ చేయనక్కర్లేదు. నమోదైన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొంటే చాలు. దాంతో రీసైక్లర్‌కు రెండు ఆదాయాలు ఏర్పడ్డాయి: కరిగించిన లోహమో గుళికలో అమ్మితే వచ్చేది ఒకటి, సర్టిఫికెట్ అమ్మితే వచ్చేది ఇంకొకటి. దీనికి తోడు గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025-26లో 30 శాతం రీసైకిల్డ్ సరుకు ఉండాలనీ, ఏటా పది శాతం చొప్పున పెరిగి 2028-29కి 60 శాతానికి చేరాలనీ నియమం పెట్టారు. ముడిచమురు చవకైతే కొత్త ప్లాస్టిక్ పాతదానికంటే చవకవుతుంది. అప్పుడు చట్టం బలవంతం చేయకపోతే పాతదాన్ని కొనే దిక్కుండదు. ఈ నియమం ఆ లోటు పూడ్చడానికే.

ఫ్యాక్టరీలూ లేచాయి. కాన్పూరు కంపెనీ గణేశా ఎకోస్ఫియర్ వాడేసిన పెట్ సీసాల నుంచి గుళికలు, దారం తీసే కర్మాగారాన్ని వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో 2022 మేలో ప్రారంభించింది. జైపూర్ కంపెనీ గ్రావిటా చిత్తూరు జిల్లాలో సీసం కరిగిస్తోంది. హైదరాబాద్‌లో పుట్టిన బన్యన్ నేషన్ ప్లాస్టిక్‌ను పెద్ద బ్రాండ్లకు పనికొచ్చే నాణ్యతకు తెస్తోంది. 2012లో మొదలైన చిన్న కంపెనీల ఎక్స్ఛేంజి వేదికల మీదకు ఇంకా చిన్నవి వచ్చాయి. 2022లో అహ్మదాబాద్ అల్యూమినియం సంస్థ బహేటి, 2024 సెప్టెంబరులో ఈ-వ్యర్థాల సంస్థ నమో ఎన్ఎస్ఈ ఎమర్జ్‌లో నమోదయ్యాయి. ఇలాంటి చిన్న కంపెనీల్లో ఏదైనా 'కొనుగోళ్ల ద్వారా విస్తరణ' అన్నప్పుడు అసలు చర్చ మొదలవుతుంది.

పాతిక రెట్ల లెక్క

కొనుగోళ్ల మంత్రం ఎలా పనిచేస్తుందో ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక కంపెనీకి కోటి షేర్లున్నాయి, ఏడాదికి 4 కోట్ల లాభం వస్తోంది. మార్కెట్ ఆ లాభానికి 25 రెట్లు కడుతోంది కాబట్టి షేరు ధర 100 రూపాయలు, కంపెనీ విలువ 100 కోట్లు. పక్క జిల్లాలో ఎక్కడా నమోదు కాని ఒక కుటుంబ సంస్థ ఉంది. దాని లాభం 2 కోట్లు. అలాంటివి ఐదు రెట్లకే దొరుకుతాయి, అంటే 10 కోట్లు. కంపెనీ 10 లక్షల కొత్త షేర్లు ఆ కుటుంబానికిచ్చి దాన్ని కొంటుంది.

ఇప్పుడు మొత్తం లాభం 6 కోట్లు, షేర్లు కోటీ 10 లక్షలు. ఒక్కో షేరుకు లాభం 4 నుంచి 5 రూపాయల 45 పైసలకు పెరిగింది. మార్కెట్ అదే 25 రెట్లు కడితే షేరు 136 రూపాయలు. ఒక్క కిలో తుక్కు అదనంగా కరగలేదు, ఒక్క కొత్త యంత్రం రాలేదు, అయినా కంపెనీ విలువ 150 కోట్లయింది. కుటుంబ సంస్థకు ఇచ్చిన 10 కోట్లు తీసేస్తే మిగతా 40 కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఐదు రెట్లకు కొన్నదాన్ని మార్కెట్ పాతిక రెట్లకు లెక్కగట్టడం నుంచి వచ్చాయి.

ఇదే లెక్క వెనక్కీ తిరుగుతుంది. మార్కెట్ మనసు మారి పది రెట్లే కడతానంటే అదే షేరు 54 రూపాయల చిల్లరకు దిగుతుంది. అప్పుడు అలాంటి మరో 10 కోట్ల సంస్థను కొనాలంటే 10 లక్షల షేర్లు చాలవు, 18 లక్షలకు పైగా ఇవ్వాలి. కొనుగోళ్లు ఆగుతాయి. పెరుగుదల ఆగుతుంది. పెరుగుదల ఆగింది కాబట్టి ధర ఇంకా పడుతుంది. షేరు ధర ఎత్తులో ఉన్నంతకాలమే నడిచే బండి ఇది. సైకిలు తొక్కడం ఆపితే పడిపోతుందన్నది నిజమే గానీ, ఇక్కడ తొక్కుతున్నది కంపెనీ కాదు, మార్కెట్.

కలుపుకుపోవాలనేవాళ్లు

అయినా ఈ దారిని సమర్థించేవాళ్ల దగ్గర గట్టి వాదాలున్నాయి. వాళ్ల మొదటి సాక్ష్యం అమెరికా నుంచి వస్తుంది. 1968లో మొదలైన వేస్ట్ మేనేజ్‌మెంట్ 1971లో ప్రజల నుంచి పెట్టుబడి తీసుకుని, 1972 నాటికి 133 చిన్న చెత్త రవాణా సంస్థలను కొనేసింది. వీధికొకడుగా ఉన్న వ్యాపారం ఒక పెద్ద సంస్థ చేతికి వచ్చింది. లారీల దారులు కలిశాయి, ఖర్చు తగ్గింది. పైన చెప్పుకున్న తేడా ప్రకారం అది చెత్త ఎత్తే వ్యాపారమని గుర్తుంచుకుంటే ఆ సాక్ష్యం బరువు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మన దేశానికి సంబంధించిన రెండో వాదం ఇంకా బలమైనది. ఇక్కడ తుక్కు కరిగించే చిన్న కొలుముల్లో చాలావాటికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండదు. ఉన్నవాడికి విస్తరించే పెట్టుబడి ఉండదు. సర్టిఫికెట్ల కాలంలో అనుమతి ఉన్న సామర్థ్యానికే విలువ. కొత్తగా అనుమతులు తెచ్చుకుని కొలిమి కట్టాలంటే ఏళ్లు పడుతుంది, ఉన్నదాన్ని కొంటే నెలల్లో అయిపోతుంది. పెద్ద బ్రాండుకు కావాల్సింది సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితాల వరుస. రేకుల షెడ్డువాడు ఆ కాగితం ఇవ్వలేడు. కాబట్టి చిన్నవి కలిసి పెద్దవి కావడం తప్పదనీ, ముందుగా ఆ పని మొదలుపెట్టిన కంపెనీలో మదుపు పెట్టినవాడికి లాభం ఉంటుందనీ ఈ పక్షం అంటుంది. 2024 డిసెంబరులో గ్రావిటా సంస్థాగత మదుపరుల నుంచి 1,000 కోట్లు సేకరించగలగడం ఈ నమ్మకానికి ఎంత గిరాకీ ఉందో చూపిస్తుంది.

ఈ వాదంలో నాకు కనిపించే ఖాళీ ఒకటే. కొంటున్నది అనుమతినా, యంత్రాన్నా, సరుకు రాకనా అన్నది వీళ్లు విడదీసి చెప్పరు.

కుదురుగా పెరగాలనేవాళ్లు

రెండో పక్షం ఆ ఖాళీనే పట్టుకుంటుంది. తుక్కు వ్యాపారంలో అసలు ఆస్తి సరుకు వచ్చే దారి అని వీళ్ల మాట. బరంపురం గోదాము యజమానికి ఫలానా దుకాణదారు ఇరవై ఏళ్లుగా సరుకు వేస్తాడు. ఎందుకు వేస్తాడు? దసరాకు ముందు అడ్వాన్సు ఇస్తాడు, కాటాలో మోసం చెయ్యడు, పెళ్లికి వస్తాడు. ఆ యజమాని తన సంస్థను కంపెనీకి అమ్మి, డబ్బు తీసుకుని, రెండేళ్ల తర్వాత తమ్ముడి పేరు మీద పక్క వీధిలో మళ్లీ కాటా పెడితే? కంపెనీ చేతిలో షెడ్డు మిగులుతుంది, తుక్కు మాత్రం తమ్ముడి దగ్గరకు పోతుంది. పోటీ చెయ్యనని ఒప్పందంలో రాసుకోవచ్చు. కానీ సైకిలు మీద తిరిగే మనిషి ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు.

అందుకే సొంతంగా సేకరణ కేంద్రాలు పెట్టుకుంటూ, ఆ సరుకుకు తగ్గట్టు కొలిమి పెంచుకుంటూ పోవాలని వీళ్లంటారు. 1992లో మొదలైన గ్రావిటా ఘనా, సెనెగల్, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల్లో తుక్కు దొరికే చోటికే వెళ్లి యూనిట్లు పెట్టుకుంటూ వచ్చింది. గణేశా ఎకోస్ఫియర్ వరంగల్‌లో ఉన్న ఫ్యాక్టరీని కొనలేదు, కొత్తగా కట్టింది. ఈ దారిలో పెరుగుదల నిదానంగా ఉంటుంది, ఏడాదికేడాది లాభాల గ్రాఫు కళ్లు చెదరగొట్టదు. చిన్న మదుపరికి అంత ఓపిక లేకపోవడమే ఈ పక్షానికి పెద్ద శత్రువు.

వీళ్ల వాదంలోనూ ఒక బలహీనత ఉంది. సొంతంగా కట్టినంత మాత్రాన సరుకు వస్తుందన్న హామీ లేదు. ఉత్తర అమెరికాలో పెద్ద ఆశలతో వచ్చిన బ్యాటరీ రీసైక్లర్ లీ-సైకిల్ పెద్ద ఎత్తున నిర్మాణాలకు దిగి, ఖర్చు తట్టుకోలేక 2025 మేలో దివాలా రక్షణ కోరింది. దాన్ని గ్లెన్‌కోర్ కొంది. కట్టేవాడైనా కొనేవాడైనా సరుకుకంటే ముందు పరిగెడితే ఒకే గోతిలో పడతాడు.

పద్దుల మీద కన్ను

మూడో పక్షానిది వ్యాపార తర్కం మీద గొడవ కాదు, లెక్కల మీద గొడవ. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దీనికివ్వడానికి కారణముంది. మిగతా రెండు వాదాల్లో ఏది నిజమైనా మదుపరి కళ్లబడేది చివరికి పద్దుల పుస్తకమే.

మొదటి పక్షం గర్వంగా చూపే వేస్ట్ మేనేజ్‌మెంట్ కథకు రెండో అధ్యాయం ఉంది. 1998లో ఆ కంపెనీ గత ఏళ్ల లాభాలను 170 కోట్ల డాలర్ల మేర సవరించుకోవాల్సి వచ్చింది. 2002 మార్చిలో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ కంపెనీ వ్యవస్థాపకుడి మీదా మరో అయిదుగురు అధికారుల మీదా దావా వేసింది. అందులోని ఆరోపణలు ఈ రంగంలో మదుపు పెట్టే ప్రతివాడూ చదవాల్సినవి. చెత్త లారీల ఆయుష్షును కాగితం మీద పొడిగించారు, తరుగుదల తగ్గింది. పాత లారీ అమ్మితే ఇంత వస్తుందని ఆధారం లేకుండా రాసుకున్నారు, ఖర్చు ఇంకా తగ్గింది. సంస్థలను కొన్నప్పుడు పర్యావరణ బాధ్యతల కింద అవసరానికి మించి నిధి చూపించి, తర్వాత ఆ మిగులును సంబంధం లేని ఖర్చులు కప్పడానికి వాడారు. కొనుగోలు జరిగిన ప్రతిసారీ లెక్కలు సర్దుకోవడానికి ఒక కొత్త గది తెరుచుకుంటుందని దీని అర్థం.

తెలుగువాళ్లకు ఈ పాఠం చెప్పడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాల కొనుగోలుకు 160 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టడానికి ఒప్పుకుంది. అవి ప్రమోటరు కుటుంబానివే. మదుపరులు తిరగబడడంతో గంటల్లోనే వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న బయటపడిన సత్యం చైర్మన్ రామలింగరాజు లేఖ ప్రకారం, పద్దుల్లో లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికి ఆ కొనుగోలు ఆఖరి ప్రయత్నం. ఐటీకీ తుక్కుకూ పోలికేమిటని అడగవచ్చు. పోలిక వ్యాపారంలో లేదు, 'ఎవరి నుంచి కొంటున్నారు' అన్న ప్రశ్నలో ఉంది. కొనే కంపెనీ ప్రమోటరూ, అమ్మే సంస్థ యజమానీ ఒకే ఇంటివాళ్లయితే ఐదు రెట్లు, పాతిక రెట్ల లెక్కంతా పక్కన పెట్టాల్సిందే.

చిన్న ఎక్స్ఛేంజిల్లో ఈ అనుమానం ఇంకా పెరగడానికి నియమాలే కారణం. మెయిన్ బోర్డు కంపెనీ మూడు నెలలకోసారి ఫలితాలిస్తుంది, చిన్న వేదిక మీది కంపెనీ ఆరు నెలలకోసారి ఇస్తే చాలని నియమం ఉంటూ వచ్చింది. మధ్యలో జరిగిన కొనుగోలు సరుకు తెచ్చిందో లేదో తెలిసేసరికి ఏడాది గడుస్తుంది. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ అకౌంటింగ్ ప్రమాణాల్లో కొనుగోలు గుడ్‌విల్‌ను, అంటే ఆస్తుల విలువకు మించి కట్టిన ధరను, ఏటా తరిగించరు, విలువ పడిపోయిందో లేదో పరీక్షిస్తారు. చిన్న వేదిక కంపెనీలకు ఆ ప్రమాణాలు తప్పనిసరి కాదు. పాత పద్ధతిలో విలీనం గుడ్‌విల్‌ను మామూలుగా ఐదేళ్లలో తరిగించేస్తారు. అంటే ఒకే లాంటి రెండు కొనుగోళ్లు రెండు కంపెనీల లాభాల మీద రెండు రకాలుగా కనిపిస్తాయి. లాభానికి ఇన్ని రెట్లని పోల్చేవాడు ఇది చూడకపోతే అంగుళాలనూ సెంటీమీటర్లనూ కలిపేసినట్టే.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కొంత బిగించింది. పేరు చెప్పని కొనుగోళ్ల కోసం సేకరించే డబ్బుకు మెయిన్ బోర్డు ఐపీఓల్లో 2022లో పరిమితి పెట్టింది: అలాంటి కొనుగోళ్లూ సాధారణ కార్పొరేట్ అవసరాలూ కలిపి ఇష్యూలో 35 శాతం దాటకూడదు. చిన్న వేదిక మీద 2025లో సాధారణ అవసరాల పద్దును 15 శాతానికో 10 కోట్లకో, ఏది తక్కువైతే దానికి కుదించింది. గత మూడేళ్లలో రెండేళ్లు కనీసం కోటి రూపాయల నిర్వహణ లాభం ఉండాలంది. కనీస దరఖాస్తు 2 లక్షలు దాటాలంది. ఆఖరి నియమం చిన్నవాళ్లను కాపాడడానికి పెట్టిందే అయినా, దాని ఫలితం చిత్రంగా ఉంది: జాగ్రత్తపరుడైన చిన్న మదుపరి తప్పుకుంటాడు, తెగించేవాడు అప్పు చేసి వస్తాడు.

పద్దుల్లో ఈ పక్షం చూసేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, లాభం వచ్చిందన్న ఏడాది వ్యాపారం నుంచి నగదు కూడా వచ్చిందా? తుక్కును నగదుకు కొని అరువుకు అమ్మే వ్యాపారంలో లాభం పెరిగేకొద్దీ నగదు మాయం కావడం మామూలే. కానీ మూడేళ్లు వరసగా అదే జరిగితే ఆ లాభం గోదాములో కూర్చుందో, వసూలు కాని బాకీల్లో కూర్చుందో అడగాలి. రెండు, మొత్తం అమ్మకాల్లో సొంతంగా కరిగించినదెంత, కొని మార్పు లేకుండా అమ్మినదెంత? తుక్కు చేతులు మార్చి అమ్మకం అంకె పెంచడం ఈ రంగంలో చాలా తేలిక.

ఇది షేర్ల వ్యవహారమే కాదనేవాళ్లు

నాలుగో పక్షం మిగతా ముగ్గురితో ఒకే బల్ల దగ్గర కూర్చోదు. చెత్తలో ఉన్న విలువ ఏరేవాళ్లకూ ఊరికీ చెందాలి, దాన్ని కంపెనీల కింద పోగుచేసి షేర్లుగా అమ్మడం తప్పుదారి అంటుంది. 2003 ప్రాంతంలో చెత్తకుండీలు లేని పట్టణంగా పేరు తెచ్చుకున్న సూర్యాపేట, తడి పొడి వేరుచేసి ఆదాయం చూపించిన విజయనగరం జిల్లా బొబ్బిలి తెలుగునాట ఈ వాదానికి ఆనవాళ్లు. పుణెలో ఏరేవాళ్ల సంఘం 1993లో పుట్టి, తర్వాత స్వచ్ఛ్ సహకార సంస్థగా నగరంతోనే ఒప్పందం చేసుకుంది. బ్రెజిల్ 2010 చట్టంలో ఏరేవాళ్ల సహకార సంఘాలకు పేరు పెట్టి చోటిచ్చారు.

వీళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. సేకరణ, వేరుచేయడం సంఘాలు చేస్తాయి సరే, సీసం కొలిమికి పొగ శుద్ధి చేసే యంత్రాలు, నీళ్ల సీసాను మళ్లీ నీళ్ల సీసాగా మార్చే యంత్రాలు ఎవరి డబ్బుతో వస్తాయి? స్వయం సహాయక బృందం పొదుపుతో అవి రావు. ఏదో ఒక చోట పెట్టుబడి లోపలికి రావాల్సిందే. ఆ చోటు ఎక్కడ ఉండాలన్నదే అసలు తగాదా.

చికిటి నుంచి చూస్తే

గంజాం జిల్లా ఈ నాలుగో వాదాన్ని పరీక్షించే చోటు. ఒడిశా 2019, 2020 ప్రాంతంలో పట్టణాల చెత్తను పెద్ద గుత్తేదారు చేతిలో పెట్టకుండా వెల్త్ సెంటర్లనే దారి పట్టింది. తడి చెత్తకు చిన్న కంపోస్టు కేంద్రాలు, పొడి చెత్తకు వేరుచేసే షెడ్లు, నడపడానికి స్వయం సహాయక బృందాల మహిళలు, ఇంటింటికీ బ్యాటరీ బళ్లు, పర్యవేక్షణకు స్వచ్ఛ సాథీలు. ఎరువును 'మో ఖత' పేరుతో అమ్ముతారు. బరంపురం లాంటి నగరానికైనా చికిటి లాంటి నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్‌కైనా చట్రం అదే. పొడి చెత్త అమ్మితే వచ్చే డబ్బు బృందాలకు చేరాలన్నది ఉద్దేశం. దేనికీ పనికిరాని ప్లాస్టిక్ సిమెంటు బట్టీలకు పోతుంది.

ఈ ఏర్పాటు కొనుగోళ్ల కంపెనీకి ఏం చెప్తుంది? హైదరాబాద్‌లో ఒక్క సంతకంతో నగరం చెత్తంతా ఒక సంస్థకు దక్కింది. ఒడిశాలో ఆ సంతకం పెట్టడానికి ఎదుట ఒక్క మనిషి లేడు. పట్టణానికో షెడ్డు, షెడ్డుకో బృందం. కంపెనీ వాళ్ల దగ్గర సరుకు కొనవచ్చు, వాళ్లను కొనలేదు. ఈ తేడా వల్ల రెండు రాష్ట్రాల్లో ఒకే కంపెనీకి రెండు వేరు వేరు వ్యూహాలు కావాలి. ప్రాస్పెక్టస్‌లో 'తూర్పు భారతంలో విస్తరణ' అనే ఒక్క పేరా ఈ రెంటినీ మింగేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని నాలుగు పక్షాలూ దాటేస్తాయి. విలువైన తుక్కు మునిసిపాలిటీ బండి దాకా రాదు. సీసా, ఇనుము, రాగి తీగ, బ్యాటరీ ఇంటి గుమ్మంలోనే అమ్ముడవుతాయి. బండిలోకి ఎక్కేది ఎవరూ కొననిది, అంటే కవర్లు, బిస్కెట్ పొట్లాలు. కాబట్టి వెల్త్ సెంటర్లను కలుపుకున్నా సీసం రాదు. సైకిలు మనిషిని కలుపుకోవాలి. అతన్ని కలుపుకోవడానికి ఉన్న దారులు రెండే: మిగతావాళ్లకంటే కిలోకు ఎక్కువివ్వడం, అవసరానికి ముందస్తు ఇవ్వడం. రెండూ లాభాన్ని తింటాయి.

పక్కపక్కన పెడితే

నాలుగు వాదాలనూ ఒకదాని పక్కన ఒకటి నిలబెడితే అవి నిజానికి నాలుగు వేరు వేరు ప్రశ్నలకు జవాబులని తెలుస్తుంది. కలుపుకుపోవాలనేవాళ్లు కాలాన్ని చూస్తున్నారు: అనుమతులు, సర్టిఫికెట్లు, బ్రాండ్ల గిరాకీ ఇప్పుడున్నాయి, ఆలస్యం చేస్తే చోటు పోతుంది. కుదురుగా పెరగాలనేవాళ్లు సంబంధాన్ని చూస్తున్నారు: సరుకు మనుషుల వెంట వస్తుంది, కాగితాల వెంట రాదు. పద్దుల పక్షం నిజాయితీని చూస్తోంది. నాలుగోది న్యాయాన్ని చూస్తోంది. మొదటివాళ్లకు ప్రమాదం ధర ఎక్కువ పెట్టడం, రెండోవాళ్లకు అవకాశం జారిపోవడం, మూడోవాళ్లకు ఎప్పటికీ ఏదీ కొనకుండా మిగిలిపోవడం, నాలుగోవాళ్లకు యంత్రం లేకుండా మిగిలిపోవడం.

తూకం వేస్తే నా మొగ్గు రెండోవాళ్ల ప్రశ్నను మొదటివాళ్లను అడగడం వైపు. ఒక కొనుగోలు జరిగిన ఏడాదిన్నర తర్వాత ఆ షెడ్డులో కరిగిన టన్నులు అంతకు ముందున్నన్ని ఉన్నాయా? పాత యజమాని ఇంకా కాటా దగ్గర కూర్చుంటున్నాడా? అతనికిచ్చిన ధరలో ఎంత వెంటనే ఇచ్చారు, ఎంత సరుకు రాకకు ముడిపెట్టి తర్వాత ఇస్తున్నారు? ఈ మూడింటికి జవాబివ్వగల చిన్న కంపెనీ ఉంటే దాని కొనుగోళ్లకు భయపడనక్కర్లేదు. రెండో కొనుగోలు మొదలయ్యేలోగా మొదటిదాని టన్నులు చెప్పకపోతే మాత్రం ఆ పాతిక రెట్ల బండే నడుస్తోందనుకోవాలి.

తేలని ముడులు

సర్టిఫికెట్ ధర మొదటి ముడి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో రీసైక్లర్లకు కిలోకు కనీసం 22 రూపాయలు చెల్లించాలని 2024లో ప్రభుత్వం నిర్ణయించింది. దాని మీద డైకిన్, హావెల్స్, శాంసంగ్, ఎల్‌జీ వంటి తయారీదార్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. కనీస ధర నిలిస్తే చిన్న రీసైక్లర్ లాభం ఒకలా ఉంటుంది, పోతే ఇంకోలా ఉంటుంది. సర్టిఫికెట్ ఆదాయాన్ని శాశ్వతమనుకుని దాని మీద ఐదు రెట్లో ఏడు రెట్లో కట్టి కొనుగోలు చేసేవాడు కోర్టు తీర్పు మీద పందెం కాస్తున్నట్టే.

సర్టిఫికెట్ నిజమైనదేనా అన్నది రెండోది. ప్లాస్టిక్‌లో గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లోని కొద్దిమంది రీసైక్లర్లు సుమారు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు పుట్టించారని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లో 2023లో బయటపడింది. నకిలీలు పెరిగితే అసలువాటి ధర పడుతుంది. కొన్న చిన్న సంస్థ గతంలో అలాంటివి అమ్మి ఉంటే జరిమానా కొత్త యజమాని నెత్తిన పడుతుంది.

నేల కూడా అలాగే. సీసం కొలిమిని కొంటే దాని కింద మట్టీ, నీళ్లూ కలిసే వస్తాయి. పటాన్‌చెరు భూగర్భ జలాల గొడవ 1990 నుంచి దశాబ్దాల పాటు కోర్టుల్లో ఎలా నానిందో తెలంగాణ ఎరుగును. కలుషిత స్థలాల శుద్ధి ఖర్చు బాధ్యుల నుంచి రాబట్టే నియమాలు 2025 జులైలో వచ్చాయి. పాత యజమాని చేసిన కాలుష్యానికి కొన్నవాడి వాటా ఎంతన్నది ఇంకా కేసు కేసుకూ తేలాల్సిందే. ఐదు రెట్లకు చవకగా దొరికిందంటే ఆ చవకలో మట్టి ధర కూడా కలిసి ఉందేమో చూసుకోవాలి.

ఆఖరి ముడి పన్ను. ప్లాస్టిక్ తుక్కు మీద జీఎస్టీ 2021 అక్టోబరులో 5 నుంచి 18 శాతానికి పెరిగింది. లోహపు తుక్కు విషయంలో 2024 అక్టోబరు 10 నుంచి నమోదు కానివాడి దగ్గర నమోదైనవాడు కొంటే పన్ను కొన్నవాడే కట్టాలి, నమోదైనవాళ్ల మధ్య అయితే 2 శాతం ముందే కోసి జమ చేయాలి. కట్టిన పన్ను తర్వాత సర్దుబాటవుతుంది గానీ, అంతవరకూ ఆ నగదు ఇరుక్కుంటుంది. కంపెనీ బరంపురం గోదామును కొని పద్దులన్నీ తెల్లగా నడపడం మొదలుపెడితే ఆ ఇరుక్కున్న నగదు ఖర్చును ఎవరో ఒకరు మోయాలి. కంపెనీ మోస్తే లాభం తగ్గుతుంది. దుకాణదారు మీదకు నెడితే చికిటిలో ఇనుము కొనే ధర కిలోకు రూపాయో రెండో పడుతుంది. ఆ సాయంత్రం సైకిలు మనిషి మూట విప్పకుండా, ఇంకా నగదిచ్చే పక్క కాటా దగ్గరకు తొక్కుకుంటూ పోతాడు.